బుల్లితెర లేఖలు: కార్యక్రమాలు కొనేవాళ్ల సంఘం

పోయిన నెల అమెరికా టెలివిజన్ గురించి రాస్తూ ‘నాట్‌పీ’ అనే సంఘం పేరు ఒక్కసారి ప్రస్తావించి ముందుకు వెళ్లిపోయాను. ఆ ఒక్క పేరు పట్టుకుని విశాఖ చుట్టుపక్కల నుంచే పదకొండు ఉత్తరాలు వచ్చాయి. 1994 నుంచి పదిహేనేళ్లు ఒక స్థానిక కేబుల్ ఛానల్లో ఏ గంటకు ఏది వేయాలో నిర్ణయించే పని చేశాను. ఆ పని గురించి ఇంతమంది అడుగుతారని నేను ఎన్నడూ అనుకోలేదు. ధారావాహికల మీద, వార్తల మీద వచ్చిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను.

అమ్మా, నాట్‌పీ 1963లో ఏర్పడిందని మా పాఠ్యపుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉంది. అప్పటికే టెలివిజన్ వాళ్లకు సంఘాలు లేవా? మళ్లీ ఇంకొకటి ఎందుకు పెట్టుకున్నారు?
— జర్నలిజం విద్యార్థిని, పెదవాల్తేరు

ఉన్నాయమ్మా. ప్రసారకర్తల జాతీయ సంఘం అమెరికాలో 1923 నుంచీ ఉంది. అయితే అది ప్రధానంగా స్టేషన్ యజమానులది, మేనేజర్లది. లైసెన్సులు, ప్రకటనల ధరలు, ట్రాన్స్‌మిటర్లు వాళ్లకు ముఖ్యం. ‘రేపు సాయంత్రం నాలుగున్నరకు మన ఊరి పిల్లలకు ఏమి చూపిద్దాం’ అని రోజూ తల పట్టుకునే మనిషి ఒకరు ప్రతి స్టేషన్లోనూ ఉంటారు. ఆ ఉద్యోగి పేరు ప్రోగ్రామ్ డైరెక్టర్. అలాంటివాళ్లు కొందరు 1963లో కలిసి తమకంటూ పెట్టుకున్న సంఘమే నేషనల్ అసోసియేషన్ ఆఫ్ టెలివిజన్ ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్స్. పొడి అక్షరాలు కలిపి నాట్‌పీ అంటారు.

వాళ్లకు వేరే సంఘం ఎందుకు అవసరమైందో తెలియాలంటే అక్కడి టెలివిజన్ ఎలా పెరిగిందో చూడాలి. మన దేశంలో టెలివిజన్ 1959లో దిల్లీలో మొదలైంది. హైదరాబాద్ కేంద్రం 1977లో వచ్చింది. విశాఖలో మేడ మీద యాంటెన్నా తిప్పుకుంటూ మేము చాలాకాలం చూసినదంతా ఆ రెండు చోట్ల కూర్చున్నవారు ఎంచినదే. అమెరికాలో అలా కాదు. ఊరూరికీ వేరే స్టేషను, వేరే లైసెన్సు, చాలా చోట్ల వేరే యజమాని. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ అనే మూడు నెట్‌వర్కులు తమతో ఒప్పందం ఉన్న స్టేషన్లకు రోజులో కొన్ని గంటలకు సరిపడా కార్యక్రమాలు పంపేవి. మిగతా గంటలు స్టేషనే నింపుకోవాలి. సొంతంగా తీయాలి, లేదా కొనాలి. ఏ నెట్‌వర్కుతోనూ ఒప్పందం లేని స్టేషనైతే రోజంతా తన తంటాలు తనే పడాలి.

అప్పట్లో కార్యక్రమాలు 16 ఎంఎం ఫిల్ము డబ్బాల్లో ప్రయాణం చేసేవి. ఒక స్టేషను ప్రసారం చేసుకుని, అదే డబ్బాను తర్వాతి ఊరికి పోస్టులో పంపేది. జగదాంబ సెంటర్లో ఆడిన సినిమా రీళ్ల పెట్టె తర్వాత చోడవరమో నర్సీపట్నమో బస్సెక్కినట్టే. అమ్మేవాళ్లు ఊరూరా తిరిగి అమ్ముకునేవారు. వాళ్లకు అన్ని ఊళ్ల సంగతులూ తెలుసు. కొనే మనిషికి మాత్రం తన ఊరు తప్ప మరేదీ తెలియదు. పక్క ఊరి స్టేషను అదే కార్యక్రమాన్ని ఎంతకు కొన్నదో, అక్కడి జనం చూశారో, విసుక్కుని ఆపేశారో చెప్పేవారు లేరు. అమ్మేవాడికి అన్నీ తెలిసి, కొనేవాడికి ఏమీ తెలియని బేరంలో ఎవరు నష్టపోతారో చెప్పనక్కరలేదు. నా దృష్టిలో ఆ సంఘం పుట్టుకకు ఇంతకంటే పెద్ద కారణం లేదు. కొనేవాళ్లు ఏడాదికొకసారైనా ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి, ఒకరి లెక్కలు ఒకరు అడగాలి.

ఆ 1963లోనే మన విశాఖలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. నాకు అప్పటికి ఆరేళ్లు. మా నాన్నగారు రేడియో లైసెన్సు పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టడం నాకు గుర్తుంది. ‘ఇక మన ఊరివాళ్లే మన ఊరికి పాటలు వేస్తారు’ అని ఆయన ఇంటికి వచ్చినవారందరికీ చెప్పేవారు. ఆ మాటలోని ఆనందం నాకు ముప్పై ఏళ్ల తర్వాత, ఆ పని నా చేతికి వచ్చినప్పుడు గానీ అర్థం కాలేదు.

నాట్‌పీ మొదటి కొన్నేళ్లు చిన్న సంఘమే. దాని దశ తిప్పింది ప్రభుత్వం పెట్టిన ఒక నిబంధన. 1970లో అక్కడి ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. దేశంలోని 50 పెద్ద నగరాల మార్కెట్లలో, సాయంత్రం ప్రధాన సమయంగా లెక్కించే నాలుగు గంటల్లో నెట్‌వర్కు కార్యక్రమాలు మూడు గంటలకు మించకూడదు. నాలుగో గంట స్థానిక స్టేషనుకే వదలాలి. ఆ గంటలో ఊరివాళ్లు సొంత కార్యక్రమాలు చేసుకుంటారని కమిషన్ ఆశ. 1971 నుంచి అది అమలయింది. సొంతంగా తీసినవాళ్లు కొద్దిమందే. చాలా స్టేషన్లు ఆ గంటకు గేమ్ షోలు, కబుర్ల కార్యక్రమాలు బయట కొన్నాయి. జనం ఎక్కువగా చూసే వేళలో ఒక గంట ఖాళీ అయితే ఎంత గిరాకీ పుడుతుందో ఊహించుకో. 1970లోనే మరో నిబంధన కూడా వచ్చింది. బయటి నిర్మాతల కార్యక్రమాల్లో నెట్‌వర్కులు వాటా తీసుకోకూడదు, తాము ప్రసారం చేసిన వాటిని తర్వాత ఊరూరా అమ్ముకోకూడదు. ఈ రెండూ కలిసి అమ్మేవాళ్ల సంఖ్యనూ కొనేవాళ్ల అవసరాన్నీ ఒక్కసారిగా పెంచాయి. అప్పటిదాకా కబుర్లు చెప్పుకునే చోటుగా ఉన్న వార్షిక సమావేశం పెద్ద సంతగా మారింది. పరీక్షలో రాయాల్సి వస్తే 1963 కంటే ఈ 1970 గురించి ఎక్కువ రాయి తల్లీ.

మేడం గారూ, ఆ వ్యాసంలో మీరు ‘సిండికేషన్’ అన్నారు. మా ప్రాంతంలో సిండికేట్ అంటే వ్యాపారులు కుమ్మక్కై ధర పెంచడం. టెలివిజన్‌లో కూడా అంతేనా?
— బెల్లం వర్తకుడు, అనకాపల్లి

కాదండీ. ఇక్కడ ఆ మాటకు అర్థం పూర్తిగా వేరు. మద్యం సిండికేట్ల పుణ్యమా అని మన దగ్గర ఆ మాటకు చెడ్డపేరు వచ్చింది.

మీకు సినిమా వ్యాపారం తెలిసే ఉంటుంది. ఒక సినిమాను నైజాం, సీడెడ్, గుంటూరు, కృష్ణా, తూర్పు, పశ్చిమ, నెల్లూరు, ఉత్తరాంధ్ర అని ఏరియాల వారీగా అమ్ముతారు. ఉత్తరాంధ్ర హక్కులు కొన్నవారు ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో మాత్రమే ఆడించుకుంటారు. అమెరికాలో టెలివిజన్ కార్యక్రమాన్ని అదే విధంగా ఊరు ఊరుకూ విడివిడిగా స్టేషన్లకు అమ్మడాన్ని సిండికేషన్ అంటారు. ఒక ఊళ్లో ఒక స్టేషనుకే.

డబ్బు చెల్లింపు మూడు రకాలు. మొదటిది రొక్కం. రెండోది బార్టర్, అంటే వస్తుమార్పిడి. స్టేషను పైసా ఇవ్వదు. కార్యక్రమంలోని ప్రకటనల సమయంలో కొంత అమ్మినవాడికి వదిలేస్తుంది, ఆ నిమిషాలను అతను కంపెనీలకు అమ్ముకుంటాడు. మూడోది కొంత రొక్కం, కొంత సమయం. మన దూరదర్శన్‌లో 1984 నుంచి నడిచిన స్పాన్సర్డ్ ధారావాహికల పద్ధతి ఈ రెండోదానికి దగ్గర చుట్టం. నిర్మాత కార్యక్రమం తెచ్చి, ప్రసార రుసుము కట్టి, బదులుగా కొన్ని సెకన్ల ప్రకటనల సమయం పొందేవాడు.

ఈ వ్యాపారం ఎంత దూరం పోగలదో ఒక ఉదాహరణ చెబుతాను. 1984 జనవరిలో షికాగో నగరంలో ఒక స్థానిక స్టేషను తన ఉదయపు కార్యక్రమాన్ని ఓప్రా విన్‌ఫ్రీ అనే యువతికి అప్పగించింది. ఆ ఊరి జనం ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. కింగ్ వరల్డ్ అనే అమ్మకపు సంస్థ ఆ కార్యక్రమాన్ని ఊరూరా స్టేషన్లకు అమ్మింది. 1986 సెప్టెంబరు నుంచి దేశమంతా చూసింది. దాన్ని దేశానికి పంపింది ఏ నెట్‌వర్కూ కాదు. ఒక్కో ఊళ్లో ఒక్కో ప్రోగ్రామ్ డైరెక్టర్ ‘మా ఊరు ఈమె మాట వింటుంది’ అని నమ్మి కొన్నాడు. అంతమంది విడివిడిగా నమ్మితేనే అది జరిగింది. అలాంటి బేరాలకు ముఖ్యమైన వేదిక నాట్‌పీ జనవరి సంత.

మీ బెల్లం మార్కెట్‌తో పోల్చి చెప్పాలంటే, రైతు దిమ్మను వరసలో పెడతాడు, కొనేవాడు కొంచెం చిదిపి రంగు చూసి, రుచి చూసి ధర చెబుతాడు. నాట్‌పీ హాల్లో కూడా ఇంతే. అమ్మేవాళ్లు దుకాణాలు కట్టి, ఒక భాగం నమూనా చూపించి, ఆ కార్యక్రమంలోని తారలను అక్కడే నిలబెట్టి స్టేషను వాళ్లతో ఫొటోలు దిగనిచ్చేవారు. కొనేవాడి పక్కన ఇంకో ఊరి కొనేవాడు ఉండటమే అక్కడ అసలు బలం.

చెల్లెమ్మా, నేను స్టీల్‌ప్లాంటులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మీ ఛానల్లో రాత్రి సినిమా మర్నాడు పగలు మళ్లీ వచ్చేది. అది మా కోసమే వేసేవారని మా కాలనీలో అనుకునేవాళ్లం. నిజమేనా? మీకూ అలాంటి సంఘం ఏదైనా ఉండేదా?
— గాజువాక

నిజమే అన్నయ్యగారూ. ఇన్నేళ్ల తర్వాత ఒకరు గుర్తుపెట్టుకుని అడిగారు, చాలు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఛానలంటే డాబా గార్డెన్స్‌లో రెండో అంతస్తు మీద ఒక గది, రెండు వీసీఆర్‌లు, బీరువా నిండా క్యాసెట్లు. మా ఓనరు గారు మొదటి రోజే ఒక పొడవాటి రిజిస్టరు చేతికి ఇచ్చి ‘అమ్మా, ఇందులో ఖాళీ గడి ఉండకూడదు’ అన్నారు. ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో దీన్ని ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్ అంటారు, పొట్టిగా ఎఫ్‌పీసీ. ఏ వారం ఏ రోజు ఏ గంటకు ఏది అన్నది గడులు గీసి రాసుకునే పట్టిక. నేను నెలాఖరున రెండు రాత్రులు కూర్చుని తర్వాతి నెలది గీసేదాన్ని.

మొదటి నెల అందరిలాగే రాత్రి తొమ్మిదిన్నరకు సినిమా పెట్టాను. గాజువాక, కూర్మన్నపాలెం వైపు బిల్లు వసూలుకు వెళ్లే మా కుర్రాడు వచ్చి ‘అక్కా, అక్కడ మగవాళ్లెవరూ సినిమా చూడటం లేదట’ అన్నాడు. ఎందుకు చూడటం లేదో తెలుసుకోవడానికి నేనే ఒక ఆదివారం వెళ్లాను. బి షిఫ్టు రెండింటికి మొదలై రాత్రి పదికి వదులుతారు, బస్సు దిగి ఇల్లు చేరేసరికి పదకొండు. సి షిఫ్టువాళ్లు పదికి డ్యూటీ ఎక్కుతారు. ఎ షిఫ్టువాళ్లు తెల్లవారి ఆరింటికల్లా లోపల ఉండాలి కనుక తొమ్మిదికే పడుకుంటారు. నా సినిమా ఏ షిఫ్టుకూ అందడం లేదు! మర్నాటి నుంచి రాత్రి వేసిన సినిమాను పగలు పదకొండుకు మళ్లీ వేయడం మొదలుపెట్టాను. బి షిఫ్టు మనిషి భోజనం చేసి బస్సెక్కే లోపు సగమైనా చూస్తాడు. సి షిఫ్టు మనిషి ఆ సమయానికి నిద్రలో ఉంటాడు, అతనికి సాయంత్రం ఐదుకు పాటలు. ఈ లెక్క హైదరాబాద్‌లో కూర్చున్న ఎంత గొప్ప బుర్రకూ తట్టదు. గాజువాక వెళ్లి ఒక గుమ్మంలో కూర్చుంటేనే తెలుస్తుంది.

మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర తెల్లవారుజాము నుంచి బారులు ఉంటాయి, ఇళ్లల్లో ఆడవాళ్లు ఉండరు. ఆ రోజుల్లో ఉదయం భక్తిగీతాలు వేస్తే వినేవారు ఎవరు? మధ్యాహ్నానికి మార్చాను. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే బోట్లన్నీ హార్బరులో కట్టేసి ఉంటాయి, మత్స్యకారుల పేటల్లో మగవాళ్లు ఇంట్లో ఉంటారు, మధ్యాహ్నం రెండుకు వాళ్లకు సినిమా కావాలి. వాయుగుండం పట్టిందంటే సినిమా మీద కింద అక్షరాల్లో ఓడరేవు హెచ్చరిక నంబరు నడిపేదాన్ని. సింహాచలం చందనోత్సవం రోజు అసలు సినిమాయే లేదు.

ఇక సంఘం మాట. ఒక నష్టం జరిగాక గానీ మాకు ఆ అవసరం తెలియలేదు. 1997లో ఒక ఏజెంటు మాకు పాత సినిమాల కేబుల్ హక్కుల కట్ట ఒకటి అమ్మాడు. ‘ఉత్తరాంధ్రలో మీకొక్కరికే ఇస్తున్నాను’ అన్నాడు. మా ఓనరు గారు అడిగినంత ఇచ్చారు. నేను పోస్టరు అంటించినంత సంబరంగా వారం ముందు నుంచే ప్రకటన నడిపాను. సినిమా వేసిన రాత్రే ఊళ్లో ఇంకో కేబుల్ నెట్‌వర్కులో అదే సినిమా, అదే ప్రింటు. ఆ తర్వాత నెలలో విజయనగరంలో ఒక పెళ్లిలో అక్కడి ఛానల్‌లో నా పనే చేసే ఆయన కలిశారు. మాటల్లో తేలింది: ఆయనకూ ‘మీకొక్కరికే’ అని చెప్పి, మాకు అమ్మిన ధరలో సగానికి అమ్మాడు. నాకు కోపం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. గంట ప్రయాణం దూరంలో ఉన్న మనిషిని మూడేళ్లుగా ఒక్కసారీ పలకరించలేదు.

ఆ పెళ్లి భోజనాల దగ్గరే అనుకున్నాం. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి, విశాఖ నుంచి నలుగురం ప్రతి నెలా రెండో శనివారం ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదుట ఒక హోటల్లో కలిసేవాళ్లం. ఎవరు ఏది ఎంతకు కొన్నారో నోటుపుస్తకాలు తెరిచి చెప్పుకునేవాళ్లం. ఏ సినిమాకు ఫోన్లు వచ్చాయి, దేనికి రాలేదు, ఏ ఏజెంటు ఎక్కడ ఏమి చెబుతున్నాడు, అన్నీ. హక్కులు లేకుండా కొత్త సినిమాలు వేసేవాళ్లతో కలవకూడదని మొదటి రోజే గట్టిగా అనుకున్నాం. మా నలుగురికి పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, రసీదు పుస్తకం లేదు. ఆ ఏజెంటు మాత్రం రెండో నెల నుంచే మా నలుగురికీ ఒకే ధర చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత ఎప్పుడో నాట్‌పీ గురించి చదివినప్పుడు, ఇదే కదా మేము ఇడ్లీ ప్లేట్ల మధ్య చేసుకున్నది అనిపించింది. అందుకే నాకు ఆ సంఘం మీద ఇంత మమకారం.

అంత పెద్ద సంఘం 2022లో దివాలా తీసిందని చదివాను. అరవై ఏళ్ల సంస్థ ఎలా కూలుతుంది? ఇంటర్నెట్ వల్లనేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమిలి

మాస్టారూ, ఇంటర్నెట్ చివర వచ్చింది. కూలడం అంతకు చాలా ముందే మొదలైంది.

ఆ సంఘం బతికింది కొనేవాళ్ల సంఖ్య మీద. అమెరికాలో ఒకప్పుడు ఒక యజమానికి ఏడు టెలివిజన్ స్టేషన్లకు మించి ఉండకూడదని నియమం. 1980లలో దాన్ని పన్నెండు చేశారు. 1996లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టంతో ఆ సంఖ్య పరిమితినే తీసేశారు. ఒక యజమాని స్టేషన్లన్నీ కలిపి దేశంలోని కుటుంబాల్లో ఎంత శాతానికి చేరవచ్చో మాత్రం ఒక గీత ఉంచి, దాన్ని కూడా 25 నుంచి 35 శాతానికి పెంచారు. ఇక పెద్ద కంపెనీలు ఊరూరి స్టేషన్లను కొనుక్కుంటూ పోయాయి. ముప్పై ఊళ్లలో ముప్పై మంది ప్రోగ్రామ్ డైరెక్టర్లు కొనాల్సిన చోట, ప్రధాన కార్యాలయంలో ఒక్కరు ముప్పై ఊళ్లకూ కలిపి కొనేస్తారు. ఆ ఒక్కరికి అమ్మడానికి హాలు అద్దెకు తీసుకుని దుకాణం కట్టాలా? ఆయన ఆఫీసుకు వెళ్లి అరగంట కూర్చుంటే సరిపోతుంది.

నెట్‌వర్కుల చేతులు కట్టిన 1970 నాటి నిబంధనలు కూడా అప్పుడే పోయాయి. వాటాల నిబంధన 1993 నుంచి సడలి తొలగిపోయింది. సాయంత్రం గంట నిబంధనను 1995లో రద్దు చేయగా, 1996 ఆగస్టు చివర అది అమలయింది. నెట్‌వర్కులు, స్టూడియోలు, స్టేషన్లు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. తన స్టూడియో తీసింది తన స్టేషనుకే ఇచ్చుకునేవాడికి సంతతో పనేముంది?

ఈ మార్పు కళ్లకు కనిపించింది 2002లో. 1990ల చివర న్యూ ఓర్లీన్స్‌లో జరిగిన సమావేశాలు అప్పటికి లాస్ వేగాస్‌కు మారాయి. ఆ ఏడాది పెద్ద స్టూడియోలు చాలావరకు ప్రదర్శన హాలు వదిలి హోటల్ గదుల్లో కూర్చున్నాయి. హాల్లో దుకాణం అంటే దారిన పోయే చిన్న ఊరి స్టేషను మనిషి కూడా ఆగి, చూసి, ధర అడగవచ్చు. హోటల్ గది అంటే పిలిచినవారే తలుపు తట్టాలి. నాట్‌పీ చరిత్రలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే ఘట్టం ఇదే, దివాలా కూడా కాదు.

ఆ తర్వాత సంఘం నిలదొక్కుకోవడానికి గట్టిగానే ప్రయత్నించింది. 2011లో మయామీకి మారి లాటిన్ అమెరికా దేశాల వ్యాపారాన్ని ఆకర్షించింది. అదే ఏడాది తూర్పు యూరప్‌లో బుడాపెస్ట్ సంతను తన చేతిలోకి తీసుకుంది. అప్పటికి దాని ఆదాయమంతా ఆ ఏటేటి సమావేశాల మీదే ఆధారపడింది. కరోనా వచ్చి వరసగా రెండు జనవరులు మయామీలో జనం కలవలేదు. 2022 అక్టోబరులో దివాలా రక్షణ కోసం కోర్టుకు వెళ్లింది. 2023 జనవరిలో బహమాస్‌లో పెట్టాలనుకున్న సమావేశం రద్దయింది. బ్రూనికో అనే కెనడా సంస్థ 2023లో ఆ పేరునూ సమావేశాలనూ కొనుక్కుంది, 2024 జనవరిలో మయామీలో మళ్లీ నడిపింది. అంటే సమావేశం ఉంది. ఉద్యోగులు తమ కోసం పెట్టుకున్న సభ్యుల సంఘం మాత్రం పోయి, ఒక కంపెనీ నడిపే కార్యక్రమమైంది. ఈ రెండూ ఒకటేనని వాదించేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను.

మా నలుగురి సంగతీ ఇదే దారిన పోయింది మాస్టారూ. 1995లో ఈటీవీ, జెమిని వచ్చినప్పుడు మేము భయపడలేదు, వాటి పక్కన మా ఛానలూ చూశారు. పెద్ద కేబుల్ సంస్థలు చిన్న నెట్‌వర్కులను కలుపుకోవడం మొదలయ్యాక మాత్రం శనివారాలు పలచబడ్డాయి. మొదట శ్రీకాకుళం ఆయన రావడం మానేశారు, కొనే అధికారం ఆయన చేతిలో లేదు. తర్వాత అనకాపల్లి. 2006లో ఒక శనివారం నేనూ విజయనగరం ఆయనా ఇద్దరమే కూర్చుని, పుస్తకాలు తెరవకుండానే కాఫీ తాగి లేచాం. 2009లో మా ఛానల్ చేతులు మారి, నేను ఇంటికి వచ్చేశాను. 2013 మార్చి 31 గడువుతో విశాఖ సహా 38 నగరాల్లో కేబుల్‌ను డిజిటల్ చేసి సెట్‌టాప్ బాక్సులు పెట్టేనాటికి, ఏ గంటకు ఏది అని మా ఊరి కోసం గడులు గీసేవాళ్లు నాకు తెలిసినంతలో ఇద్దరే మిగిలారు.

ఇలాంటి సంతలు ఇంకెక్కడైనా ఉన్నాయా?
— సీతమ్మధార

ఉన్నాయి. నాట్‌పీ పుట్టిన 1963లోనే ఫ్రాన్స్‌లో లియోన్ నగరంలో మిప్‌టీవీ మొదలైంది, 1965లో కాన్ నగరానికి మారింది. అది దేశాల మధ్య అమ్మకాలకు. దాని వసంతకాలపు సంత కూడా 2024తో ఆగి, లండన్‌కు తరలింది. అక్టోబరులో జరిగే మిప్‌కామ్ మాత్రం 1985 నుంచి కాన్‌లోనే నడుస్తోంది.

అమ్మగారూ, మా అబ్బాయికి ఒక ఓటీటీ సంస్థలో కార్యక్రమాలు ఎంచి కొనే విభాగంలో ఉద్యోగానికి పిలుపు వచ్చింది. మీరు చేసిన పనేనా అది? ఏమి నేర్చుకుని వెళ్లాలి?
— గృహిణి, మధురవాడ

సగం అదే పని తల్లీ. హక్కులు చూసుకోవడం, ధర మాట్లాడటం, ఒప్పందం చదవడం మారలేదు. హక్కులు ఎన్నేళ్లకు, ఏ భాషలకు, ఏ దేశాలకు, ఇంకెవరికైనా ఇచ్చారా అన్న నాలుగు ప్రశ్నలు అబ్బాయిని నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. నేను నాలుగోది అడగకపోవడం వల్లే 1997లో దెబ్బతిన్నాను.

మిగతా సగం, అంటే గడులు నింపడం, ఇప్పుడు లేదు. ఎవరు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకుంటారు. అయినా ఎవరి కోసం కొంటున్నాడో అబ్బాయికి తెలియాలి. ఉద్యోగంలో చేరే ముందు ఒక పని చేయమనండి. మీ వీధిలో పది ఇళ్లకు వెళ్లి, ఎవరు ఎన్నింటికి ఇంట్లో ఉంటారు, ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, పెద్ద టీవీ ఎవరు పెడతారు, అడిగి ఒక కాగితం మీద రాయమనండి. కంప్యూటర్ ఇచ్చే లెక్క ఆఫీసులో ఎలాగూ ఉంటుంది. ఈ పది ఇళ్ల లెక్క అతని దగ్గర మాత్రమే ఉంటుంది. ఇదే పని వేరే సంస్థల్లో చేసేవాళ్లు ఇద్దరు ముగ్గురితో స్నేహం కూడా మొదటి నెలలోనే కలుపుకోమనండి.

నా రిజిస్టర్లు చూపిస్తారా అని కూడా అడిగారు. తప్పకుండా. పత్రిక ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి రమ్మనండి. 1994 నుంచి 2009 వరకు పదహారు పుస్తకాలున్నాయి. గాజువాక పదకొండు గంటల సినిమా మొదలైన పేజీ మొదటి పుస్తకంలో ఉంది. 2001వ సంవత్సరానిది మాత్రం నేనే తిప్పి చూపించాలి. హుద్‌హుద్ రోజు కిటికీ ఊడిపోయి తడిసింది, కాగితాలు ఒకదానికొకటి అంటుకున్నాయి.